విద్యుత్తు పగటివేషము
(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



కార్యదర్శిగారు నన్ను ఈ సభయందు మాటలాడుమని కోరినపుడు, నేను ప్రబంధములందలి ఋతువర్ణనలను గూర్చియో, కాకతీయులు త్రవ్వించిన చెరువులను గూర్చియో చెప్పుదునని తలచియుందురు. చరిత్ర చదివి బి.ఏ. పట్టము పుచ్చుకొన్నవాడు విద్యుత్ యంత్రములను గూర్చి ఉపన్యసించుట వింతగనే తోచును. విద్యుత్తునకును నాకును గల చుట్టరికము ఫైళ్ల మూలమున ఏర్పడినది. పరీక్షాశాలలకు కొనవలసిన యంత్రముల కాగితములు నా బల్లమీదికి వచ్చుచుండును. వానిలో ఒక యంత్రము పేరు పదేపదే కనిపించెను. ఖరీదు చూచిన గుండె ఝల్లుమనును. పని చూచిన "విద్యుత్తును పెద్దది చేయుట" అని మాత్రమే వ్రాసియుండును. ఇంత సొమ్ము ఎందులకని ఇంజనీరు మిత్రులను అడిగి, వారు విసుగు చెందువరకు మరల అడిగి, తెలిసికొన్నంత మీ ముందుంచుచున్నాను.

ముందుగా మన ఇంటి కప్పుమీదికి పోవుదము. 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము కోటి ఇండ్ల కప్పులమీద సౌరఫలకములు నెలకొల్పవలెనను పథకమును ప్రారంభించినది. ఈ సభలో కూర్చున్నవారి స్వగ్రామములలో ఎవరో ఒక పెదనాన్నగారి మేడమీద ఆ నీలి పలకలు ఈపాటికి మెరయుచుండవచ్చును. సూర్యకాంతి తగిలినపుడు ఆ పలకలిచ్చునది ఏకముఖ విద్యుత్తు. వీధి స్తంభముమీద పారునది ఏకాంతర విద్యుత్తు; సెకనుకు 50 మారులు ముందుకును వెనుకకును ఊగునది. ఈ రెంటికిని వియ్యము కుదుర్చు పెట్టెకు ఇన్వర్టరని పేరు. దానిలో ట్రాన్సిస్టరులు సెకనుకు వేల పర్యాయములు తెరచుకొనుచు, మూసికొనుచు, ఏకముఖ విద్యుత్తును ముక్కలుగా కోసి తరంగముగా కూర్చును.

ఈ పెట్టెమీద రెండు బాధ్యతలున్నవి. అవి ఒకదానితో ఒకటి పోట్లాడునట్టివి.

మొదటిది: వీధి తీగలో కరెంటు పోయినపుడు ఇన్వర్టరు తానును ఆగిపోవలెను. ఎందుకనగా, తుపాను వెలిసిన మరునాడు స్తంభమెక్కు లైన్‌మాన్ సంగతి ఆలోచింపుడు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముమీద విరుచుకుపడిన పిమ్మట ఎన్ని వేల స్తంభములు ఒరిగినవో, ఎందరు కార్మికులు పగలనక రేయనక పని చేసిరో అక్కడివారు మరవలేదు. పూర్వము సబ్‌స్టేషనులో స్విచ్చి తీసినచో తీగ చచ్చినదని లైన్‌మాన్ నమ్మెడివాడు. ఇప్పుడు వీధిలో పది కప్పులమీద పది చిన్న విద్యుత్ కేంద్రములున్నవి. వానిలో ఏ ఒక్కటి ఆగకపోయినను ఆ తీగ ప్రాణముతో ఉండును. తీగను పరీక్షించి, భూమికి కలిపి, అటుపిమ్మట ముట్టవలెనని నియమము కలదు; వర్షములో, చీకటిలో, ఊరంతయు "కరెంటెప్పుడు?" అని క్రింద నిలబడి కేకలు వేయుచుండగా ఆ నియమము ఎంతవరకు సాగునో మనకు తెలియనిది కాదు.

ఇన్వర్టరు తనంతట తాను ఈ సంగతి గ్రహించుట మీరనుకొన్నంత సులభము కాదు. ఆ వీధిలో కప్పులమీద పుట్టు విద్యుత్తును, ఆ వీధి ఇండ్లలో వాడు విద్యుత్తును సరిగ్గా సమానమైనచో, పెద్ద గ్రిడ్డు తెగిపోయినను ఆ చిన్న ముక్క కొంతసేపు తనంతట తాను ఊగుచునే యుండును. త్రోసినవాడు వెళ్లిపోయినను ఊయల ఊగినట్లు. దీనిని ఇంజనీర్లు ద్వీపమందురు. ఈ ద్వీపమును గుర్తించి రెండు సెకనులలోపల ఇన్వర్టరు విరమింపవలెనని భారత ప్రమాణము. పరీక్షలో ఉద్దేశపూర్వకముగా ఆ కష్టమైన సమతౌల్యమునే కల్పించి, ఊయలను చక్కగా ఊగనిచ్చి, అప్పుడు తీగ త్రెంచి చూతురు.

రెండవ బాధ్యత దీనికి విపరీతము. గ్రిడ్డునందు ఎక్కడనో పిడుగు పడి, వోల్టేజి కనురెప్ప పాటులో పడి లేచినచో ఇన్వర్టరు బెదరి పారిపోరాదు. ఒకటి పారిపోయినచో నష్టములేదు. వేలకొలది ఒక్కసారిగా పారిపోయినచో గ్రిడ్డు కూలును.

ఇది ఊహ కాదు. 2016 ఆగస్టు 16వ తేదీన అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమందు ఒక కనుమలో కార్చిచ్చు రేగెను. దానికి బ్లూకట్ కార్చిచ్చని పేరు. ఆ పొగకును మంటకును 5 లక్షల వోల్టుల తీగలమీద మాటిమాటికి షార్టులు ఏర్పడినవి. ప్రతి షార్టును రక్షణ యంత్రములు యథావిధిగా తొలగించినవి. అయినను ఒక షార్టు సమయమున సుమారు 1,200 మెగావాట్ల సౌరవిద్యుత్తు మాయమాయెను. అంతకు మునుపే మన కర్నూలు జిల్లాలో తలపెట్టిన పెద్ద సౌరపార్కు మొత్తము సామర్థ్యము 1,000 మెగావాట్లని తలచుకొన్నచో ఆ నష్టపు పరిమాణము తెలియును. 2017లో వెలువడిన విచారణ నివేదికలో కారణము బయటపడెను. ఆ 1,200లో సుమారు 700 మెగావాట్లు తప్పుడు లెక్కవలన పోయినవి. షార్టు సమయమున తరంగము ఒక్క క్షణము వంకరపోయెను. ఇన్వర్టరులు ఆ వంకరనుచూచి గ్రిడ్డు పౌనఃపున్యమే 57కు దిగువకు పడిపోయినదని తీర్మానించుకొన్నవి. నిజమునకు గ్రిడ్డు తన 60నుండి బహు స్వల్పముగా మాత్రమే కదలియుండెను. ఒక్క అడుగు తడబడినవానిని చూచి నడకయే మరచినాడని నిశ్చయించినట్లాయెను! మిగిలినవానిలో అధికభాగము వోల్టేజి తగ్గినదని తాత్కాలికముగా చేతులు ముడుచుకొన్నవి.

ఇక్కడ మన విషయము ఆరంభమగుచున్నది. నున్నని, అందమైన తరంగమును ఇచ్చి పరీక్షించినచో ఈ లోపము ఎన్నటికిని బయటపడదు. వంకర తరంగమునిచ్చియే పరీక్షింపవలెను. ఆ వంకర ఎక్కడ దొరకును? పరీక్ష కొరకు దేశపు గ్రిడ్డును ఒకమారు కూలగొట్టుడని ఎవరిని అడుగగలము? 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తరభారతమంతయు చీకటియైనపుడు ఈ ఢిల్లీలో మెట్రో బండ్లు సొరంగములలో నిలిచిపోయిన సంగతి మీలో పలువురకు జ్ఞాపకముండును. ఆనాటి కారణములు వేరు, గాని అట్టి ప్రయోగమునకు ఎవరును సమ్మతింపరు.

కావున గ్రిడ్డు వేషము వేయు యంత్రమొకటి కావలెను.

మన పల్లెలలో పగటివేషగాండ్రుండెడివారు. రాత్రి, తెర, దీపము ఉన్న నాటకమున ఎవరైనను వేషమును నమ్మింపవచ్చును. పట్టపగలు, నడివీధిలో, మూడు మూరల దూరమున నిలబడి పఠానుగానో, సోమయాజిగానో ఇంటి యజమానిని నమ్మించుటలోనే వారి విద్య కలదు. పరీక్షాశాలలోని శక్తి వర్ధకము, అనగా పవర్ యాంప్లిఫయరు, అట్టి పగటివేషగాడు. ఒక చిన్న సంకేతమును, పది వోల్టులకు మించనిదానిని, కంప్యూటరు దానికి అందించును. అది దానిని 230 వోల్టులకు పెంచి, పదులు వందల ఆంపియర్ల బలముతో ఇన్వర్టరు ఎదుట నిలబెట్టును. ఇన్వర్టరు తాను నిజమైన వీధి తీగకే కట్టబడియున్నానని నమ్మవలెను. కంప్యూటరులో షార్టు కల్పించినచో ఇన్వర్టరుకు షార్టు కనిపింపవలెను; కాలిఫోర్నియాలో నమోదైన తరంగమును చదివి వినిపించినచో కాలిఫోర్నియా కనిపింపవలెను. ఇదే యంత్రము రేపు బ్యాటరీ వేషము, ఎల్లుండి మోటారు వేషము వేయగలదు.

యాంప్లిఫయరు మనకు క్రొత్తది కాదు. ఈ వేదికమీది మైకుకు కట్టినదియు యాంప్లిఫయరే. దాని చరిత్రలో ఆఫీసు ఉద్యోగులకు నచ్చు ముచ్చట ఒకటి కలదు. 1927 ఆగస్టు 2వ తేదీ ఉదయమున బెల్ టెలిఫోను ప్రయోగశాలల ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ న్యూయార్కునందు హడ్సన్ నదిమీద పడవలో ఆఫీసునకు పోవుచుండెను. దూరపు టెలిఫోను తీగలమీద వరుసగా పెట్టిన యాంప్లిఫయరులు ఒక్కొక్కటి మాటను కొంచెము కొంచెము పాడుచేయుచున్నవి. ఆ దోషమును ఎట్లు తొలగింపవలెనని ఏండ్ల తరబడి అతనికి చింత. పడవలో మార్గము తోచినది. చేత కాగితము లేక, చదువుచున్న దినపత్రిక పుటమీదనే బొమ్మ గీసెను. యాంప్లిఫయరునుండి వెలువడినదానిలో కొంత వెనుకకు తెచ్చి, లోనికి వచ్చినదానితో సరిచూచి, తేడానుబట్టి దిద్దుకొనవలెనన్నది దాని సారాంశము. మన భాషలో చెప్పినచో, టైపు చేసిన ప్రతిని మూలముతో సరిచూచు గుమాస్తాను యంత్రము లోపలనే కూర్చుండబెట్టుట. బలము కొంత తగ్గును. నమ్మకము ఎంతో హెచ్చును. పేటెంటు మాత్రము 1937లోగాని చేతికి రాలేదు. ఫైళ్ల వేగమును గూర్చి మనలను మాత్రమే నిందించువారు ఈ తేదీలను గమనింతురుగాక!

ఐనచో మైకు యాంప్లిఫయరుతోనే ఇన్వర్టరును పరీక్షింపరాదా? ఇక్కడ మూడు చిక్కులున్నవి.

మొదటిది వేగము. ఇంజనీర్లు బ్యాండువిడ్తు అను మాట వాడుదురు. కచేరీలో ఫిడేలు విద్వాంసుని తలచుకొనుడు. గాయకుడు చౌకముగా పాడినంతసేపు ఎవరైనను వెంట నడువగలరు. బిరకాలు, మెరుపు సంగతులు వచ్చినపుడు విల్లు ఎంత వేగముగా తిరుగగలదో అదియే ప్రక్కవాద్యపు బ్యాండువిడ్తు. ఇంటి కరెంటు 230 వోల్టులనుట ఒక విధమైన సగటు లెక్క. తరంగపు శిఖరము 325 వోల్టులు. సెకనుకు 50 ఊపులలో ఆ తరంగమును నడుపుటకు వోల్టేజి మైక్రోసెకనుకు, అనగా సెకనులో పదిలక్షవ వంతుకు, వోల్టులో పదవ వంతు మారిన చాలును. అంతే ఎత్తుగల తరంగమును సెకనుకు 5,000 ఊపులలో నడుపవలెనన్నచో మైక్రోసెకనుకు 10 వోల్టులు మారవలెను. నూరు రెట్లు. గ్రిడ్డునందలి వంకరలు, షార్టు క్షణమున పుట్టు గెంతులు, అనుస్వరములు, ఇవన్నియు ఈ వేగమునందే ఉన్నవి. వేగములేని యాంప్లిఫయరు ఆ గెంతును కొండవాలుగా మార్చి చూపును. ఇన్వర్టరు సుఖముగా దిగి, ఉత్తీర్ణమగును.

రెండవది ఇచ్చిపుచ్చుకొనుట. మైకు యాంప్లిఫయరు స్పీకరునకు ఇచ్చును. స్పీకరు తిరిగి ఇచ్చునది లెక్కలోనిది కాదు. ఇన్వర్టరు అట్లు కాదు, అది గ్రిడ్డులోనికి విద్యుత్తును త్రోయునది. కావున గ్రిడ్డు వేషగాడు ఇయ్యగలవాడుగను, పుచ్చుకొనగలవాడుగను ఉండవలెను. పగటివేషములలో అర్ధనారీశ్వరుడు ప్రసిద్ధము. ఒకే మనిషి, నడుమ తెర తిప్పుచు, ఒకప్పుడు ఈశ్వరుడు, మరుక్షణమున పార్వతి. ఈ యంత్రమునకు సెకనుకు అనేక పర్యాయములు ఆ తెర తిరుగును.

పుచ్చుకొన్నదానిని ఏమి చేయవలెను? ఇక్కడ ఇంజనీర్లలో రెండు తెగలున్నవి. పాతతెగవారి యాంప్లిఫయరులో ట్రాన్సిస్టరు కుళాయివలె సగము తెరచి, సగము మూసి ప్రవాహమును నడుపును. తరంగము అద్దమువలె నున్నగా వచ్చును, వేగము గొప్పది. కాని పుచ్చుకొన్న శక్తియంతయు వేడిగా మారును. దానికి తోడు తన సొంత సరఫరానుండి మరికొంత కూడ. 10 కిలోవాట్ల ఇన్వర్టరును ఇట్లు పరీక్షించుటయనగా మన ఢిల్లీ చలికాలపు 2 కిలోవాట్ల హీటర్లను అయిదింటిని, అంతకుమించియే, జ్యేష్ఠమాసమున ఒక గదిలో వెలిగించి కూర్చుండుట. క్రొత్తతెగవారి యాంప్లిఫయరులో ట్రాన్సిస్టరు పూర్తిగా తెరచుకొనును, లేదా పూర్తిగా మూసికొనును. వేడి స్వల్పము, పుచ్చుకొన్న విద్యుత్తును తిరిగి భవనపు తీగలలోనికి పంపవచ్చును. కాని ముక్కలుగా వచ్చిన తరంగమును నున్నచేయుటకు జల్లెడవంటి ఫిల్టరు కావలెను, ఆ ఫిల్టరే వేగమును మ్రింగివేయును. తెరచి మూయు వేగమును పెంచినచో ఫిల్టరును చిన్నది చేయవచ్చును. సిలికాన్ కార్బైడు, గాలియమ్ నైట్రైడు అను క్రొత్త పదార్థముల ట్రాన్సిస్టరులు ఈ పనికి వచ్చినవి. ఈ పదార్థముల యోగ్యతను లెక్కగట్టి చూపినవారిలో ముఖ్యుడు మదరాసునందు 1948లో జన్మించి, అచ్చటి ఐ.ఐ.టి.లో చదివి అమెరికా వెళ్లిన జయంత్ బాలిగా. ఇన్వర్టరులలో విరివిగా వాడు ఐ.జి.బి.టి. అను ట్రాన్సిస్టరును రూపొందించినందులకు ఆయనకు 2024లో ఫిన్లండు దేశపు మిలీనియము టెక్నాలజీ బహుమానము లభించినది.

తమాషా ఏమనగా, ఆ క్రొత్త ట్రాన్సిస్టరులు ఇన్వర్టరులలోను ప్రవేశించినవి. అవియు వేగవంతములైనవి. దొంగ సైకిలు వదలి మోటారెక్కినాడు గనుక పోలీసునకును మోటారు కావలసివచ్చినది.

మూడవ చిక్కు అన్నింటికంటె ప్రమాదకరమైనది. ఈ పరీక్షలో కంప్యూటరు గ్రిడ్డును లెక్కకట్టి యాంప్లిఫయరుకు చెప్పును, అది ఇన్వర్టరుకు చూపును, ఇన్వర్టరు ఇచ్చిన ప్రవాహమును కొలిచి మరల కంప్యూటరుకు చెప్పుదురు. ఇది వలయము. మైకును స్పీకరుకు ఎదురుగా పట్టుకొన్నచో కూత పుట్టుట మీరెరుగుదురు. ఈ వలయమందును సమాధానము ఆలస్యమైనచో అట్టి కూతయే పుట్టును. అయితే ఇక్కడ పోవునది చెవులు కాదు, లక్షల విలువగల యంత్రము. వలయము ఎప్పుడు నిలకడగా ఉండును, ఎప్పుడు కూయును అనుదానికి బెల్ ప్రయోగశాలలలోనే పని చేసిన హారీ నైక్విస్టు 1932లో నియమము కనుగొనెను. నేటికిని అదియే శరణ్యము. ఆలస్యము 50 మైక్రోసెకనులైనచో ఎంత నష్టమో చూడుడు. సెకనుకు 50 ఊపుల తరంగమునకు అది ఒక డిగ్రీకన్న తక్కువ, పట్టించుకొననక్కరలేదు. 50వ అనుస్వరమునకు, అనగా 2,500 ఊపులకు, అదే ఆలస్యము 45 డిగ్రీలు. మందగామికి కనబడని ఆలస్యము శీఘ్రగామికి అడ్డుగోడ.

అనుస్వరముల సంగతి అల్పమనుకొనరాదు. మన సంఘమున రైల్వే ఉద్యోగులు పలువురున్నారు గనుక ఒక ఉదాహరణము చెప్పెదను. 1995లో స్విట్జర్లండులోని జూరిక్ ప్రాంతమున అధునాతనములైన విద్యుత్ ఇంజనులు కొన్ని అనుస్వర ప్రవాహములు మితిమీరుటచేత ఉన్నచోటనే నిలిచిపోయినవి. పాత ఇంజనులలో ఎన్నడును ఎరుగని బాధ. ఇంజనును ఒంటరిగా చూచిన దోషములేదు; తీగయు ఇంజనులును కలసి వలయమైనపుడు ఊపు పుట్టినది. కావున నేడు పరీక్షాశాలలో నాడి చూచు వైద్యునివలె, యాంప్లిఫయరుద్వారా చిన్న చిన్న అలలను ఒక్కొక్క పౌనఃపున్యమున పంపి, ఇన్వర్టరు దేనికి ఎట్లు బదులిచ్చునో ముందుగనే పటము గీతురు. యాంప్లిఫయరు చేరలేని పౌనఃపున్యమున ఆ పటము ఖాళీగా ఉండును.

ఇక నా బల్లమీది కాగితములకు వత్తును. ఒక సంస్థవారి కొనుగోలు ప్రతిపాదనలో యాంప్లిఫయరును గూర్చి కిలోవాట్లు, వోల్టులు, ఖరీదు మాత్రమే అడిగియుండిరి. వేగమును గూర్చి ఒక్క మాట లేదు. అట్టిచోట తక్కువ ధర పలికినవాని యంత్రమే వచ్చును. దానిముందు నిలిచిన ఇన్వర్టరులన్నియు ఉత్తీర్ణములగును. పరీక్షాపత్రముమీద ఇన్వర్టరు పేరును, ముద్రయును ఉండును. పరీక్షించినవాని చూపు ఎంత నిశితమో ఆ పత్రము చెప్పదు. తహశ్శీలుదారు కచేరీలో గొలుసు పొట్టిదైనచో ఊరి పొలములన్నియు పెరిగినట్లు కనిపించును గదా! అట్లే ఇదియు.

కనుక నా శాఖలో నేను పట్టుబట్టి అడుగు ప్రశ్నలు కొన్ని కలవు. అమ్మువారు పత్రములలో అచ్చువేయు బ్యాండువిడ్తు చిన్న సంకేతమునకా, పూర్తి వోల్టేజికా? ఈ రెంటికిని అనేక రెట్ల తేడా ఉండును, పెద్ద అంకెయే అచ్చగును. వోల్టేజి సున్ననుండి శిఖరమునకు ఎన్ని మైక్రోసెకనులలో చేరును? ఇన్వర్టరు శక్తిని త్రోసినపుడు కూడ ఆ వేగము నిలుచునా, ఇచ్చునపుడు మాత్రమేనా? సంకేతము లోనికి వచ్చిన పిమ్మట బయటికి వచ్చుటకు ఆలస్యమెంత? వీనికి బదులు చెప్పలేనివానికి, ధర ఎంత తక్కువైనను, కాగితము తిప్పి పంపవలసినదే. "పట్టభద్రుడు చరిత్రలో, ప్రశ్నలు విద్యుత్తులో" అని ఒక మిత్రుడు పరిహసించెను. పరీక్ష అనునది నిజమునకు సాక్ష్యము. సాక్షి యోగ్యతను విచారించుట చరిత్ర విద్యార్థికి మొదటి పాఠము.

మన దేశమున విద్యుత్ పరికరముల పరిశోధనకును పరీక్షకును 1960లో కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థ బెంగుళూరునందు వెలసినది. హైదరాబాదు ఉప్పలునందు దాని అత్యధిక వోల్టేజి ప్రయోగశాల కలదు. లక్షల వోల్టులను పరీక్షించు విద్య మనకు చిరపరిచితమే. ఇంటికప్పుమీది 230 వోల్టులను ఇంత సూక్ష్మముగా పరీక్షింపవలసివచ్చునని ఆనాడు ఎవరును ఊహించియుండరు. అయినను కోటి చిన్న పెట్టెలు కలసినచో ఒక పెద్ద విద్యుత్ కేంద్రమే. ఒక్క పెట్టెలోని తప్పుడు లెక్క కోటి ప్రతులుగా అచ్చగును.

చివరగా, కప్పుమీద పలకలు పెట్టించుకొన్నవారు, పెట్టించుకొనబోవువారు ఒక పని చేయుడు. పెట్టిన మనిషి ఇంకను ఇంటనుండగనే, ఎండ బాగుగా కాయు మధ్యాహ్నమున, ఆతనిచేతనే మెయిను స్విచ్చి తీయింపుడు. బ్యాటరీలేని ఇన్వర్టరైనచో తక్షణమే ఆగిపోవలెను. బ్యాటరీ ఉన్నదైనచో ఇంట దీపములు వెలుగవచ్చును గాని వీధివైపు కరెంటు పోరాదు. అది ఎట్లు ఆగుచున్నదో ఆతని నోటనే చెప్పింపుడు. మరల స్విచ్చి వేసినపుడు ఇన్వర్టరు ఉరుకులతో కలియరాదు. గ్రిడ్డు నిలకడగా ఉన్నదో లేదో కొంతసేపు చూచి, అటుపిమ్మట కలియవలెను. చేతి గడియారముతో లెక్కపెట్టి, ఆ కాలమును బిల్లు వెనుక వ్రాసి ఉంచుకొనుడు. మీ వీధి లైన్‌మాన్‌గారిని పిలిచి, మీ ఇంటిమీద పలకలున్నవని చెప్పి, వీధివైపు తీగను విడదీయు స్విచ్చి ఎక్కడ ఉన్నదో చూపింపుడు.

సెలవు.